తేనెటీగల కంటికి ఆనిన వనకన్యలు

తిల్క గోళ్ళలో ఎప్పుడూ రంగే. పెళ్ళివిందుకి వెళ్ళినా, ఆదివారం చర్చిలో పూజకి వెళ్ళినా, ఎంత తోముకున్నా గోటి మూలన పచ్చనిదో నల్లనిదో ఓ గీత మిగిలిపోయేది. పదేళ్ళ వయసు నుంచీ తండ్రి గాష్పర్‌కి రంగులు నూరుతోంది మరి. మట్టిరంగులో అవిసెనూనె పోసి, బండమీద రాతితో తిప్పితిప్పి వెన్నలా అయ్యేదాకా నూరాలి. ఇరవై ఆరో ఏడు వచ్చింది, ఆమె పని మారలేదు. వియన్నాలో చక్రవర్తి ఉన్న రోజులవి. స్తోల్ కొండ కింద మా లిప్నికలో తేనెపెట్టెలకి ముందుపలకల మీద బొమ్మలు వేసేవాడు గాష్పర్ ఒక్కడే.

ఆ పలక ఎంతుంటుందని? జానెడు దాటిన పొడవు, దానిలో సగం ఎత్తు. అంతలోనే లోకమంతా పట్టాలి. ఇంటికి నిప్పంటుకుంటే బిందెతో నీళ్ళు కుమ్మరించే ఫ్లోరియన్ మహానుభావుడు, చచ్చిన వేటగాణ్ణి మోసుకుంటూ సంబరంగా ఊరేగే ఎలుగుబంట్లూ కుందేళ్ళూ, ఒకే లాగు కోసం జుట్లు పట్టుకునే మొగుడూ పెళ్ళాం, గయ్యాళి నాలుకని సానరాయి మీద పెట్టి నూరే దయ్యం. వీటన్నిటికీ సూదితో చిల్లులు పొడిచిన కాగితాలుండేవి. కాగితం పలకమీద పరిచి మసిగుడ్డతో అద్దితే చుక్కలు దిగేవి. ఆ చుక్కల వెంట కుంచె నడిపించడమే.

ఆ చుక్కలు గాష్పర్‌కి కనబడడం మానేసి రెండేళ్ళయింది. చూపంతా మంచు కమ్మినట్టయిపోయింది. ఊళ్ళో ఎవరికీ తెలియదు. తలుపు చప్పుడైతే చాలు, ఆయన కుంచె చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు వెళ్ళగానే కుంచె కూతురి చేతికి వచ్చేది. ఆడపిల్ల వేసిన పలక అంటే ఒక్కడూ కొనడని ఆయన భయం. ఆ భయం నిజమో కాదో కనుక్కోవడానికి ఆయనకి ధైర్యం లేదు, ఆమెకి అవకాశం లేదు.

అలాంటి రోజుల్లో, చలికాలంలో ఒకనాడు జెఫా వచ్చింది. జెఫా అంటే ఊరి చివరి పెద్ద తేనెటీగల సావిడి యజమానురాలు, భర్త పోయి మూడేళ్ళు. ఆమె గొంతు సావిడిలో వినిపిస్తే చర్చి మెట్లమీద పావురాలు లేచిపోతాయని జనం అనేవారు. కొత్త సావిడి కట్టించింది, మూడు వరసలు, వరసకి పది పెట్టెలు.

"ముప్పై పలకలు కావాలి గాష్పరూ. ఆ సానరాయి బొమ్మ మాత్రం నా గుమ్మంలో పెట్టకు. అది చూసినప్పుడల్లా మా ఆయన నావంక చూసి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వేవాడు లేడు, దాని మొహం నాకెందుకు? కొత్తవి వెయ్యి. ఇంతకుముందు ఎవరూ చూడనివి."

ఆమె వెళ్ళాక గాష్పర్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"కొత్తవంటే నా దగ్గర కాగితాల్లేవే తిల్కా. నీ దగ్గరేమైనా ఉన్నాయా?"

"కాగితం మీద లేవు నాన్నా," అంది తిల్క.

"అయితే వెయ్యి. ఈ ముప్పై ఈ వేసవి దాటేదాకా నిలబడితే ఊరందరికీ నేనే చెబుతాను, ఇది నా కూతురి చెయ్యి అని. నిలబడకపోతే ఇక దుకాణం కట్టేద్దాం, పలకలు క్రాన్ పట్నం నుంచి తెచ్చుకుంటారు. అందాకా నోరెత్తకు."

ఆ రాత్రి తిల్కకి నిద్ర పడితే ఒట్టు. ఆమె మనసులో ఉన్నది వనకన్య. మా వాళ్ళు విల అంటారు. కొండమీద ఉంటుంది, జుట్టు మడమల దాకా ఉంటుంది, ఆమె ఆడిన చోట గడ్డి ఒత్తుగా పెరుగుతుంది, మనసిస్తే మనిషికి ఇస్తుంది, వాడు మాట తప్పితే కొండలోకి వెళ్ళిపోతుంది. ఇది తెలియని పిల్ల మా వైపు లేదు. కానీ ఆమెని తేనెపెట్టె మీద ఎక్కించినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు.

తిల్క ఎక్కించింది. ముప్పై పలకల మీద ఒకే ప్రేమకథ. మొదటి పలకలో వనకన్య ఊటనీళ్ళలో జుట్టు కడుక్కుంటుంది, ఆ జుట్టే వాగై కిందికి పారుతుంది. నాలుగో పలకలో గొర్రెల కాపరి కనబడతాడు. అతను రాగానే కొమ్మమీద ఒంటిపిట్ట పక్కన రెండో పిట్ట వాలుతుంది. ఇద్దరూ అలిగితే వాగు గడ్డకడుతుంది, కలిస్తే లేళ్ళు నీళ్ళకి దిగుతాయి. అతను వేలు పట్టుకున్న పలకలో రెండు చెట్లు ఒకదాని కొమ్మల్లో ఒకటి చేతులు పెట్టుకుని నిలబడతాయి. అన్నిటిలోనూ వనకన్యకి ఎర్రటి గౌను, జడలో ఎర్రటి కార్నేషన్ పువ్వు. మా పిల్లలు మనసైనవాడి టోపీలో గుచ్చేది ఆ పువ్వే, అంతకన్నా గట్టిగా ప్రేమని చెప్పే పువ్వు మాకు లేదు. వెనక అంతా చిక్కటి ఆకుపచ్చ అడవి. ఒకే కథ కాబట్టి ఒకే అడవి ఉండాలని ఆమె పట్టుదల.

ఆమె వేస్తూ పాడేది, పాడుతూ అన్నం మాడ్చేది. జొన్నసంకటిలా తినాల్సిన బక్‌వీట్ గింజల ముద్ద ఆ చలికాలమంతా బొగ్గులా తిన్నాడు గాష్పర్, పల్లెత్తు మాట అనలేదు. పలకలు ఒక్కొక్కటే చేతికి తీసుకుని అంచులు తడిమి, "బాగుంది" అనేవాడు. ఏం బాగుందో అడిగే ధైర్యం తిల్కకి ఉండేది కాదు.

ఈస్టర్ తరవాతి ఆదివారం పలకలు సావిడికి ఎక్కాయి. పూజ అయ్యీ అవగానే ఊరు ఊరంతా జెఫా పెరట్లో వాలింది. ముసలమ్మలు కథ మొదటినుంచి చివరికి చదివి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటికొచ్చారు. కుర్రాళ్ళు పద్దెనిమిదో పలక దగ్గర, అంటే ముద్దు దగ్గర, కదలకుండా నిలబడిపోయారు. తిల్కకి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. అందరూ తండ్రి వీపు తడుతుంటే ఆమె పక్కన నిలబడి పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది.

జెఫా నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగో పలకలోకి తొంగి చూసింది. పక్కనే ఆమె కొడుకు లోవ్రో ఉన్నాడు, వడ్రంగి, ఆ పెట్టెలన్నీ చేసింది అతనే. మంచి చేతులు, ఇంకా మంచి మనసు, చెవులు మాత్రం దేవుడు కొంచెం ఉదారంగా ఇచ్చాడు.

"ఏమయ్యా గాష్పరూ, ఈ గొర్రెలవాడి చెవులు మా లోవ్రోవి కావూ?"

జనం పలకవంక చూశారు, లోవ్రో వంక చూశారు, మళ్ళీ పలకవంక చూశారు. నవ్వులకి సావిడి కప్పు ఎగిరిపోయింది. లోవ్రో చెవులు కార్నేషన్లయిపోయాయి. గాష్పర్‌కి ఏ చెవులో, ఎక్కడున్నాయో తెలియదు పాపం. "చెవులన్నాక ఒకేలా ఉంటాయి" అని గొణిగాడు. తిల్క మాత్రం చెప్పులవంక చూసుకుంటూ నిలబడింది.

మే నెల చివరి వారం శుక్రవారం, పొద్దున్నే జోరువాన. జెఫా తలుపు తట్టలేదు, తోసుకొచ్చింది. తడిసిన శాలువా విదిలించి, చేతిరుమాలు విప్పి బల్లమీద పెట్టింది. అందులో రెండు తేనెటీగలున్నాయి, మామూలు ఈగలకన్నా పొడుగు, ఒళ్ళు నిగనిగలాడుతోంది. కదలడం లేదు.

"నా కొత్త రాణులు," అంది. "నిన్న ఎండలో పెళ్ళికెళ్ళాయి. ఆకాశంలో పెళ్ళి చేసుకుని తిరిగొచ్చాయి. వచ్చి తమ పెట్టే అనుకుని పక్కింట్లో దూరాయి. పరాయి రాణి వస్తే వాళ్ళు ఊరుకుంటారా? ఉండలా చుట్టుకుని చంపేశారు. పొద్దున గుమ్మంలో పడి చనిపోయి ఉన్నాయి."

ఆమె గొంతు తగ్గింది. జెఫా గొంతు తగ్గడం తిల్క అదే మొదటిసారి వినడం. అరిచినా బాగుండేదనిపించింది.

"నలభై ఏళ్ళు పలకలు వేశావు గాష్పరూ! పక్కపక్క ఇళ్ళకి ఒకే రంగు వేస్తారా ఎవరైనా? పసుపు పక్కన నీలం, నీలం పక్కన తెలుపు. అది ఎవరికోసం అనుకున్నావు, మా చుట్టాల కోసమా? రాణి జన్మలో ఒక్కసారి గుమ్మం ముందు అటూ ఇటూ ఊగి ఇల్లు గుర్తుపెట్టుకుని పోతుంది. ముప్పై గుమ్మాలూ చీకటిగా ఉంటే దానికేం గుర్తుంటుంది? ఇంకా ఆరు పెట్టెల్లో ఆరు కన్నె రాణులున్నాయి. ఎండ వచ్చిందా, బయల్దేరతాయి. రాణి లేని పెట్టె కొన్నాళ్ళకే ఖాళీ అయిపోతుందని నీకు నేను చెప్పాలా?"

పసుపు, నీలం, తెలుపు. పదహారేళ్ళు తిల్క ఆ వరసలోనే రంగులు నూరింది. అది తండ్రి పాతకాలపు అలవాటనుకుంది, రంగు ఆదా చేసే పద్ధతనుకుంది. ఒకే అడవి, ఒకే కథ అని మురిసిపోయి ముప్పై గుమ్మాలకీ ఒకే చీకటి పూసింది. ఇలాంటి తప్పు ఈగలు ఎరగనివాళ్ళు చేస్తే నవ్వుకోవచ్చు. గాష్పర్ ఇంట్లో పుట్టినపిల్ల చేసింది.

గాష్పర్ పీటమీంచి లేచాడు. "తప్పు నాదే జెఫా. నేనే..."

"కాదు," అంది తిల్క. "నాన్న ఒక్క గీత కూడా గీయలేదు. నాన్నకి రెండేళ్ళుగా కనబడదు. అన్నీ నేనే వేశాను."

జెఫా గాష్పర్ మొహం ముందు చెయ్యి ఊపింది. ఆయన రెప్ప వెయ్యలేదు. ఆమె ఆ చెయ్యి అలాగే దించి, ఆయన భుజం మీద ఒక్క క్షణం ఉంచింది. తరవాత తిల్క వైపు తిరిగింది.

"ఒసే పిల్లా, ఆ ఎరుపేమిటే అంతంత?"

"ప్రేమ, అత్తా. కార్నేషన్..."

"ప్రేమంటే ఎర్రగా ఉంటుందని నీకెవరు చెప్పారు? కుర్రకుంకల్ని అడిగితే అలాగే చెబుతారు. ఈగనడుగు. నా కిటికీ నిండా ఎర్ర కార్నేషన్లు, ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా, ఒక్క ఈగ వాలదు. దానికి ఎరుపూ మసీ ఒకటే. ఇప్పుడు చెప్పు, ఏం చేస్తావ్? ఏడుస్తావా, దిద్దుతావా?"

తిల్క కొక్కేనికున్న శాలువా లాగింది. "వాన ఎప్పటిదాకా?"

"స్తోల్ మీద మబ్బు చూస్తే రేపు మధ్యాహ్నం దాకా."

"నూనెరంగు ఆరదు," అన్నాడు గాష్పర్. ఆయన గొంతులో పాత పనివాడు లేచి కూర్చున్నాడు. "వారం పడుతుంది. గడ్డపెరుగులో సున్నం కలపండి. పాలరంగు గంటలో బిగుసుకుంటుంది. ముందు బూడిదగుడ్డతో పాత బొమ్మ మీద గరగరలాడేలా రుద్దాలి, లేకపోతే పట్టదు. పసుపుకి మన గుట్టమట్టి. నీలం మాత్రం ఇంట్లో లేదే!"

"బట్టలకి పెట్టే నీలి నా దగ్గర డబ్బా నిండా ఉంది," అంది జెఫా. "నా దుప్పట్లు ఈ నెల పచ్చగా ఉంటే ఉండనీ!"

మధ్యాహ్నానికల్లా సావిడి చూరు కింద తిల్క నిచ్చెనెక్కి ఉంది. చూరు పొడుగు కాబట్టి పలకలకి వాన తగలడం లేదు. లోవ్రో పెరుగూ సున్నం పిసికి ముంతలు అందిస్తున్నాడు. పలకలు విప్పడానికి లేదు, వెనక ఈగలున్నాయి. వాన వల్ల అన్నీ లోపలే, వేలెడు కర్రకి అటువైపే. ఆమె మణికట్టు పలకకి ఆనించినప్పుడల్లా ఆ గుంయిమనే మోత ఎముకలోకి వచ్చేది. ఎవరి కోసం వేస్తోందో ఆ చేతికి అప్పుడు తెలిసింది.

మొదటి వనకన్య ఎర్రగౌను మీద తెల్లరంగు వేసేటప్పుడు చెయ్యి ఆగింది. చలికాలమంతా దాచుకున్న ఎరుపు అది.

"పోనీలే," అన్నాడు లోవ్రో కిందనుంచి. "ఆ ఎరుపు కిందే ఉంటుంది కదా. మనకి తెలుసు."

ఆ ఒక్క మాటతో పని పరుగు పట్టింది. ఎరుపు పోతే ప్రేమని దేంతో చెప్పాలి? ఈగకి ఇష్టమైనదాంతో! ఆలోచన తట్టగానే తిల్క నిచ్చెన మీద కేక పెట్టింది, లోవ్రో ముంత జారవిడిచాడు. ఇక చూస్కోండి. ఒక వనకన్య లిండెన్ చెట్టుపూల పసుపు కట్టుకుంది, ఆ చెట్టు ఆకులెలాగూ గుండె ఆకారంలోనే ఉంటాయి. ఇంకొకామె జెన్షియన్ పువ్వు నీలం కట్టుకుంది. మూడో ఆమె పూతకొచ్చిన బక్‌వీట్ చేను తెలుపు. అడవి పోయింది. వెనక ఆకాశమో, చేనో, మంచో వచ్చింది. పక్కదానికీ, పైదానికీ, కిందదానికీ ఏదీ ఒకటి కాకూడదు. వనకన్య ఇప్పుడు పువ్వు పెట్టుకోలేదు, తనే పువ్వయింది. వాగూ, పిట్టలూ, కొమ్మలు కలుపుకున్న చెట్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

జెఫా వాల్‌నట్ల రొట్టె పళ్ళెంతో వచ్చి కుంచె పట్టుకున్న పిల్ల నోట్లో ముక్కలు కుక్కింది. "నాలుగో పలక నేనే చూసుకుంటున్నా, జాగ్రత్త. బట్టలు ఏ రంగైనా మార్చుకో. చెవులు మాత్రం ముట్టుకోకు."

"అమ్మా!" అన్నాడు లోవ్రో.

"నోర్మూసుకుని పెరుగు పిసుకు."

చీకటి పడేసరికి పద్దెనిమిది అయ్యాయి. శనివారం తెల్లవారకముందే మళ్ళీ మొదలు. ఆరు కన్నె రాణులున్న పెట్టెలు ముందే అయిపోయాయి గానీ వాటి ఇరుగుపొరుగు మిగిలే ఉన్నాయి. పదకొండు గంటలకి చూరునుంచి కారే ధార సన్నబడింది. పదకొండున్నరకి పెరట్లో గడ్డిమీద వెలుగు పడింది.

"ఇంకెన్ని?" అరిచింది జెఫా.

"రెండు!"

"ఎండ వచ్చేసింది పిల్లా!"

"వస్తే రానీ అత్తా, మాట్లాడించకు!"

ఆఖరి నీలం పూసి తిల్క నిచ్చెన దిగేసరికి మొదటి ఈగలు మొహం బయటపెట్టాయి. పాతవి కొంచెం తికమకపడ్డాయి, గాల్లో ఆగి కొత్త బొమ్మల్ని వింతగా చూసి, వాసన పట్టుకుని లోపలికి పోయాయి. పన్నెండు దాటాక ఏడో పెట్టె గుమ్మంలో పొడుగాటి ఒళ్ళు మెరిసింది.

"రాణి," అంది జెఫా గుసగుసగా.

అది ఎగిరింది. పోలేదు. వెనక్కి తిరిగి పసుపు వనకన్య ఎదురుగా గాల్లో అటూ ఇటూ ఊగింది, ఒకసారి, రెండుసార్లు, ఊగుడు పెద్దదవుతూ. తిల్క బొమ్మ వంక అంత శ్రద్ధగా చూసినవాళ్ళు అంతకుముందు లేరు, ముద్దు దగ్గర ఆగిపోయిన కుర్రాళ్ళతో సహా. తరవాత అది ఒక్క ఉదుటున ఆకాశంలోకి వెళ్ళిపోయింది. దాని వెంటే పన్నెండో పెట్టెది, పదిహేనోది. గంట తిరగకముందే ఆరూ పెళ్ళికెళ్ళిపోయాయి.

అలాంటి నిరీక్షణ శత్రువుకి కూడా వద్దు. గాష్పర్ బెంచీమీద కూర్చుని, "వచ్చిందా? వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. ముందు పన్నెండో పెట్టెది వచ్చింది, నీలం మీదికి బాణంలా దిగి లోపలికి పోయింది. జెఫా గాష్పర్ వీపు మీద ఒక్కటి చరిచింది. తరవాత రెండు, వెంటవెంటనే. నాలుగో రాణీ వచ్చింది. తిరిగొచ్చిన అయిదో రాణి గుమ్మం తప్పి పక్క తెల్లపలక దగ్గరికి వెళ్ళింది. అది తెలుపుని ఒకసారి చూసి, కాదని వెనక్కి తిరిగి, తన పసుపులోకి పోయింది. లోవ్రో తిల్కని నడుం పట్టుకుని గాల్లోకి ఎత్తేశాడు, తల్లి ముందే, తండ్రి ముందే.

ఏడో పెట్టె రాణి ఒక్కటి రాలేదు. రెండు గంటలైంది. రెండున్నర. ఆకాశంలో పిచ్చుకలున్నాయి, పిచ్చుకలకి రాణి అయితేనేం, మరోటి అయితేనేం. తిల్క కళ్ళు నీళ్ళతో మసకబారుతున్నాయి, తుడుచుకుంటే ఆ క్షణంలో వచ్చేస్తుందేమోనని తుడుచుకోవడం లేదు. ఎండ సావిడి కప్పు మీంచి జారడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చింది, అలసిపోయి, బరువుగా, ఎగరలేక ఎగురుతూ. ముప్పై గుమ్మాల ముందు ఒక్కసారి తేలి, లిండెన్ పూల పసుపు కట్టుకున్న వనకన్య పాదాల దగ్గర వాలి, నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది.

తిల్క గడ్డిలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.

ఆ తరవాత నలభై ఏళ్ళపాటు ఆమె వేసిన పలకలు మా కొండల చుట్టూ సావిళ్ళకి ఎక్కాయి, లోవ్రోతో పెళ్ళయ్యాకా, ముగ్గురు పిల్లలు పుట్టాకా, జుట్టు నెరిశాకా. అడిగినవాళ్ళకి దయ్యాన్నీ సానరాయినీ కూడా వేసింది. కానీ ఆమె పేరు నిలిచింది ఆ సాయంత్రమే, ఈగలన్నీ లోపలికి చేరుకున్న వేళ.

జెఫా తలమీద గుడ్డ సరిచేసుకుని సావిడి ముందుకి వెళ్ళింది. మా వైపు ఇంటి యజమాని పోతే ఎవరో ఒకరు పెట్టె పెట్టె దగ్గరికీ వెళ్ళి, వేలితో మూడుసార్లు తట్టి, ఈగలకి ఆ మాట చెప్పి, కొత్త యజమాని పేరు చెబుతారు. చెప్పకపోతే అవి అలిగి వెళ్ళిపోతాయి. జెఫా మొదటి పెట్టెని మూడుసార్లు తట్టింది.

"నేనింకా చావలేదే జెఫా!" అన్నాడు గాష్పర్ ఆ చప్పుడు విని.

"చావలేదు కాబట్టే నీ ఎదురుగా చెబుతున్నా. విను." ఆమె పలకకి నోరు దగ్గరగా పెట్టింది, ఆ గొంతుని ఎంత తగ్గించగలదో అంతా తగ్గించింది. "అమ్మల్లారా, ఇకనుంచీ మీ గుమ్మాలకి బొమ్మలు వేసేది తిల్క."

గాష్పర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. జెఫా రెండో పెట్టె దగ్గరికి నడిచింది, మళ్ళీ మూడుసార్లు తట్టింది, మళ్ళీ అదే మాట చెప్పింది. ముప్పై పెట్టెలున్నాయి. తిల్క గడ్డిలోంచి లేచి నిలబడి, ముప్పైసార్లూ తన పేరు విన్నది.